కరెంటు స్టీమర్: ఆవిరికి దారి ఉందా?

కరెంటు స్టీమర్ మీద ఈసారి వచ్చిన ప్రశ్నలను ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం. ఇక్కడ చెప్పిన సమయాలన్నీ 900 వాట్ల హీటరు, లీటరు నీళ్లు పట్టే తొట్టి, రెండు మూడు బుట్టలు ఉండే మామూలు స్టీమరుకు సంబంధించినవి. స్విచ్ వేసిన క్షణం నుంచి కాకుండా, మూత కన్నాల్లోంచి ఆవిరి ధారగా రావడం మొదలయ్యాక లెక్కపెట్టుకోండి.

ప్రశ్న: ఇడ్లీ పాత్రలో పువ్వుల్లా వచ్చే ఇడ్లీలు అదే పిండితో స్టీమర్లో వేస్తే అడుగున తడిగా, జిగురుగా ఉంటున్నాయి. పై బుట్టలోవి ఇరవై నిమిషాలైనా ఉడకడం లేదు. తప్పు పిండిదా, స్టీమరుదా? (కావలి)

జవాబు: పిండి బాగానే ఉంది. ఇడ్లీ పాత్రలో బాగా వచ్చిందంటేనే ఆ అనుమానం తీరిపోయింది. ఆవిరికి దారి లేకపోవడమే అసలు కారణం.

ఆవిరి చల్లటి వస్తువును తాకి నీరుగా మారుతుంది. ఒక గ్రాము ఆవిరి అలా మారేటప్పుడు సుమారు 540 కేలరీల వేడిని వదులుతుంది. పదార్థాన్ని ఉడికించేది ఆ వేడే. కానీ వేడితోపాటు అక్కడ ఒక గ్రాము నీరు కూడా మిగులుతుంది. కిలో బరువున్న పదార్థం ఉడుకు వేడికి వచ్చేసరికి ఇలా నూరు గ్రాములకు పైగా నీరు చేరుతుంది. ఆ నీరు కిందికి కారిపోవాలి, కొత్త ఆవిరి పైకి రావాలి. ఈ రెండిట్లో ఏది ఆగినా ఇడ్లీ చెడుతుంది.

ముందు మీ ఇడ్లీ ప్లేటు కొలత చూడండి. బుట్ట అడుగుకు సరిగ్గా సరిపోయే ప్లేటు పెడితే కన్నాలన్నీ మూసుకుపోతాయి. ప్లేటు చుట్టూ కనీసం వేలు దూరేంత సందు ఉండాలి. బుట్ట అడుగుకు ఆనకుండా కింద మూడు చిన్న స్టీలు గిన్నెలు బోర్లించి, వాటిమీద ప్లేటు పెడితే ఆవిరి అడుగునుంచి కూడా తగులుతుంది. గుంటలకు కన్నాలున్న ప్లేటు వాడి, దానిమీద తడిపి పిండిన పల్చటి నూలుగుడ్డ పరిచి పిండి వేస్తే ఇంకా మంచిది. కన్నాలు లేని గుంటల్లో నూనె రాసి పోసినప్పుడు అడుగున చేరిన నీటికి పోయే చోటు ఉండదు. మీరు చెబుతున్న జిగురు అక్కడిదే.

రెండోది మూత. చాలా స్టీమర్ల మూతలు దాదాపు బల్లపరుపుగా ఉంటాయి. దానికి పట్టిన నీరు అంచులకు జారకుండా నడిమధ్యనే బొట్లుబొట్లుగా ఇడ్లీల మీద పడుతుంది. మూత లోపలి వైపు పల్చటి పంచె గుడ్డ ఒక మడత పట్టించి, నాలుగు కొసలూ పైకి తెచ్చి పిడి దగ్గర ముడి వేయండి. గుడ్డ ఆవిరి కన్నాలకు అడ్డం రాకూడదు, కొసలు కిందికి వేలాడకూడదు. తువ్వాలులాంటి మందపాటి గుడ్డ వద్దు, ఆవిరిని ఆపేస్తుంది.

మూడోది, చల్లటి స్టీమర్లో ప్లేట్లు పెట్టి స్విచ్ వేయడం. నీళ్లు మరిగేలోగా పిండి గోరువెచ్చగా నానుతూ, పొంగిన గాలి పోగొట్టుకుంటుంది. ఖాళీ బుట్టలతో ఆవిరి రానిచ్చి, ఆ తర్వాతే పిండి పోసిన ప్లేట్లు పెట్టండి. మొదటి బుట్టకు 12 నిమిషాలు, రెండో బుట్టకు 15 నుంచి 16 నిమిషాలు పడుతుంది. కింది ఇడ్లీలు వేడి లాగేసుకున్నాక మిగిలిన ఆవిరే పైకి చేరుతుంది గనక ఈ తేడా. ఒకే బుట్టలో రెండు ప్లేట్లు పేర్చేటప్పుడు పై ప్లేటు గుంటలు కింది గుంటలకు సరిగ్గా ఎదురుగా రాకుండా కాస్త తిప్పి పెట్టండి. మూడో బుట్టలో ఇడ్లీలు వేయకపోవడమే మంచిది. అక్కడ క్యారెట్టో, గుడ్లో పెట్టుకోవచ్చు.

స్పూను కాడను తడిపి ఇడ్లీ మధ్యలో గుచ్చండి, పిండి అంటకుండా వస్తే అయినట్టు. స్విచ్ తీసి మూత తెరిచాక మూడు నిమిషాలు ఆగి తీస్తే గుంటకు అంటుకోవు. జిగురు తగ్గుతుందని ఇరవై, పాతిక నిమిషాలు ఉంచితే పైభాగం ఎండి గట్టిపడుతుంది, అడుగు మాత్రం అలాగే ఉంటుంది.

ప్రశ్న: మా ఊళ్లో సాయంత్రం వోల్టేజీ పడిపోతుంది. పొద్దున 12 నిమిషాల్లో అయ్యే వంటకం సాయంత్రం 20 నిమిషాలైనా కావడం లేదు. ఇన్వర్టరు మీద నడపవచ్చా? (ఆత్మకూరు)

జవాబు: హీటరు ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చే విలువను) బట్టి మారుతుంది. 230 వోల్టుల దగ్గర 900 వాట్లు ఇచ్చే హీటరు 190 వోల్టుల దగ్గర 615 వాట్లే ఇస్తుంది. వోల్టేజీ ఆరో వంతు తగ్గితే వేడి మూడో వంతు తగ్గిందన్నమాట. పూర్తి వోల్టేజీలో నిమిషానికి సుమారు 24 గ్రాముల నీరు ఆవిరవుతుంది, సాయంత్రం అది 16 గ్రాములకు దిగుతుంది. పైగా బుట్టల గోడలనుంచి పోయే వేడి ఎప్పటిలాగే పోతూ ఉంటుంది. అందుకే పై బుట్టకు దాదాపు ఏమీ మిగలదు.

సాయంత్రం ఒక్క బుట్టతోనే వండండి. తొట్టిలో చన్నీళ్లకు బదులు వేరే పొయ్యి మీద కాచిన నీళ్లు పోయండి. చన్నీళ్లు లీటరు మరగడానికి పూర్తి వోల్టేజీలోనే ఐదారు నిమిషాలు పడుతుంది. హీటరు చుట్టూ తొడిగే చిన్న ప్లాస్టిక్ గొట్టం మీ స్టీమరుతో వచ్చి ఉంటే తప్పకుండా వాడండి. అది తొట్టి మొత్తాన్ని కాకుండా హీటరు చుట్టూ ఉన్న కొద్ది నీటినే ముందు మరిగిస్తుంది. గొట్టానికి ఒక అంచున చిన్న గండి ఉంటుంది, అది కింది వైపుకు రావాలి. తలకిందులుగా పెడితే లోపలికి నీరు సరిగ్గా అందక హీటరు మధ్యమధ్యలో ఆగిపోతుంది. దీనికోసమే స్టెబిలైజరు కొనడం దండగ.

ఇన్వర్టరు మీద వద్దు. ఇళ్లలో ఉండే 900 వీఏ ఇన్వర్టరు 700 వాట్లకు మించి మోయలేదు, ఓవర్‌లోడ్ చూపించి ఆగిపోతుంది. పెద్ద ఇన్వర్టరైనా 12 వోల్టుల బ్యాటరీ నుంచి 80 ఆంపియర్ల దాకా లాగాలి. బ్యాటరీ ఆయుష్షు తరిగిపోతుంది.

ప్రశ్న: కొన్న నాలుగు నెలలకే హీటరు మీద తెల్లటి పెచ్చు కట్టింది. మాది బోరు నీళ్లు, ఫ్లోరైడ్ కూడా ఉందంటారు. ఆ నీళ్ల ఆవిరితో వండింది తినవచ్చా? (కనిగిరి)

జవాబు: తినవచ్చు. ఫ్లోరైడ్ గానీ, ఉప్పులు గానీ ఆవిరితో పైకి లేవవు. కాబట్టి ఆవిరి మీద ఉడికిన పదార్థంలోకి తొట్టి నీళ్లలోని ఫ్లోరైడ్ రాదు. ఆ నీళ్లే పోసి అన్నం, పప్పు వండితే మాత్రం అది వంటలోనే ఉండిపోతుంది. మీ ప్రాంతంలో ఆవిరి వంటకు ఈ ఒక్క కారణమైనా చాలు.

తొట్టిలో మిగిలిన నీళ్ల సంగతి వేరు. లీటరు పోస్తే వంటయ్యాక పావు లీటరు మిగిలిందనుకుందాం. లీటరులో ఉన్న ఫ్లోరైడంతా ఆ పావు లీటరులోకి చేరి నాలుగింతలు చిక్కబడి ఉంటుంది. ఆ నీళ్లు చారులో పోయకూడదు, పిండి కలపకూడదు, పశువులకు పెట్టకూడదు. వేడి చేస్తే ఫ్లోరైడ్ పోతుందనుకోవడం పొరపాటు, మరిగేకొద్దీ పెరుగుతుంది. మిగిలిన నీళ్లు ప్రతిసారీ పారబోసి కొత్తవి పోయండి. పాతవాటిలోనే కలుపుకుంటూ పోతే పెచ్చు కూడా త్వరగా కడుతుంది. ఆర్వో మిషను బయటికి వదిలే నీటిని పొదుపు పేరుతో ఇందులో పోసేవాళ్లున్నారు. ఉప్పులన్నీ ఉండేది ఆ నీళ్లలోనే, దయచేసి ఆ పని చేయకండి.

పెచ్చు తీయడానికి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. లీటరు నీళ్లకు 20 గ్రాములు, అంటే రెండు పెద్ద చెంచాలకు కొంచెం తక్కువ. బుట్టలు, రసం పట్టే పళ్లెం తీసేసి, హీటరు మునిగేదాకా ఈ నీళ్లు పోయండి. ఐదు నిమిషాలు స్విచ్ వేసి, మరగకముందే ఆపి, ప్లగ్ తీసి అరగంట వదిలేయండి. బుడగలు రావడం ఆగిపోయినా పెచ్చు మిగిలి ఉంటే ఆ నీళ్లు పారబోసి ఇంకోసారి చేయాలి. తర్వాత మెత్తటి బ్రష్షుతో రుద్ది, రెండుసార్లు మంచినీళ్లు పోసి కడగండి. చాకుతోగానీ స్టీలు పీచుతోగానీ గీకితే హీటరు పైతొడుగు గీతలు పడి అక్కడినుంచి చిల్లు పడుతుంది. అడుగు భాగాన్ని కుళాయి కింద పెట్టి కడగకండి, గుడ్డతో తుడవండి.

పెచ్చు గోరంత మందం కాకముందే ఈ పని చేయాలి. అది వేడిని నీటికి చేరనివ్వదు. హీటరు లోపల వేడెక్కి, నీళ్లుండగానే నీళ్లు అయిపోయాయనుకుని ఆగిపోతుంది. మీ నీళ్లకు పదిహేను రోజులకోసారి శుభ్రం చేస్తే సరిపోతుంది. తాగడానికి తెచ్చే ఆర్వో నీళ్లు పోస్తే రెండు మూడు నెలలకోసారి చాలు.

ప్రశ్న: రొయ్యలు స్టీమర్లో పది నిమిషాలు ఉడికిస్తే రబ్బరులా సాగుతున్నాయి. చేపల పులుసుకు ముక్కలు ముందే ఆవిరి మీద ఉడికించి పెట్టుకోవచ్చా? (సింగరాయకొండ)

జవాబు: రొయ్యకు పది నిమిషాలు చాలా ఎక్కువ. 50 కౌంటు రొయ్య, అంటే కిలోకు యాభై తూగేది, ఒక్కోటి 20 గ్రాములుండేది, ఆవిరిలో ఐదారు నిమిషాల్లో ఉడుకుతుంది. 30 కౌంటుకు ఏడెనిమిది నిమిషాలు. బూడిద రంగు పూర్తిగా పోయి, ఎర్రబడి, కొడవలిలా వంగితే అయినట్టే. చుట్టలా మూసుకుపోయిందంటే మించిపోయింది. ఒకదాని మీద ఒకటి పోయకుండా ఒకే వరస పరచండి. అయిన వెంటనే బుట్ట బయటికి తీసేయండి, లోపలే వదిలితే స్విచ్ ఆపినా ఉడుకుతూనే ఉంటాయి. నల్ల నరం తీసి, పెంకు ఉంచే ఉడికిస్తే మెత్తగా ఉంటాయి. ఫ్రిజ్ గడ్డల్లోంచి తీసినవాటిని పూర్తిగా కరిగించి, నీరు వడకట్టి పెట్టండి.

పులుసు సంగతికొస్తే, వద్దు. నెల్లూరు చేపల పులుసుకు రుచి ముక్క పులుసులోనే ఉడికి, చింతపండు, మామిడికాయ పులుపు పీల్చుకోవడం వల్ల వస్తుంది. ముందే ఉడికిన ముక్క పులుపు పట్టదు, గరిటె తగిలితే విరిగిపోతుంది. స్టీమర్లో చేప వండాలంటే పండుగప్ప గానీ చందువ గానీ తీసుకుని, ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి, పచ్చిమిర్చి ముద్ద పట్టించి, వాడ్చిన అరటాకులో చుట్టి పెట్టండి. రెండు సెంటీమీటర్ల మందం ముక్కకు ఆకుతో సహా 14 నిమిషాలు, ఆకు లేకుండా 10 నిమిషాలు. ముళ్లు దగ్గర కండ తెల్లబడి పొరలుగా విడాలి.

చేపలు, రొయ్యలు ఎప్పుడూ అన్నిటికంటే కింది బుట్టలో ఉండాలి. పైన పెడితే వాటి రసం కింది కూరగాయల మీద కారుతుంది. పళ్లెంలో దిగిన ఆ రసాన్ని మాత్రం పారబోయకండి. రొయ్యల రుచి సగం అందులోనే ఉంటుంది, ఇగురులో పోసి రెండు పొంగులు రానివ్వండి. పళ్లెం నిండి తొట్టిలోకి పొంగితే మాంసకృత్తులు హీటరు మీద మాడి, నురగ లేచి, వాసన వారం రోజులైనా పోదు. కిలోకు పైన వండేటప్పుడు మధ్యలో ఒకసారి పళ్లెం చూసుకోండి. బుట్టల నీచు వాసనకు శనగపిండి, నిమ్మరసం కలిపి రుద్ది పావుగంట ఉంచి కడగండి.

ప్రశ్న: తేగలు, పచ్చి వేరుశనక్కాయలు ఇందులో ఉడుకుతాయా? (కందుకూరు)

జవాబు: ఉడుకుతాయి, టైమే ఎక్కువ. తేగలను పైతొక్క తీసి, బుట్టలో పట్టేలా జానెడు ముక్కలు చేసి అడ్డంగా పేర్చండి. 45 నిమిషాల తర్వాత ఒకటి విరిచి చూడండి, పిండిలా విరగాలి. నీళ్లు అరగంట దాటాక తగ్గిపోతాయి కాబట్టి తొట్టి పక్కన నీళ్లు పోయడానికి ఉండే గొట్టంలోంచి మరిగే నీళ్లే పోయాలి. చన్నీళ్లు పోస్తే ఆవిరి ఆగి మళ్లీ మొదటికొస్తుంది.

వేరుశనక్కాయలకు ఉప్పు పైన చల్లితే లోపలికి పోదు. లీటరు నీళ్లకు రెండు పెద్ద చెంచాల ఉప్పు కలిపి, మట్టి కడిగిన కాయలను గంటసేపు నానబెట్టి, వడకట్టి, 50 నిమిషాలు ఆవిరి పెట్టండి. తొట్టిలో మాత్రం ఎప్పుడూ ఉప్పు వేయకండి.

ప్రశ్న: వినాయక చవితికి ఉండ్రాళ్లు స్టీమర్లో విచ్చిపోయాయి. ఆవిరి కుడుము మధ్యలో పచ్చిగా ఉండిపోయింది. (కోవూరు)

జవాబు: ఉండ్రాళ్లు విచ్చిపోవడం ఆవిరికి ముందే మొదలవుతుంది. గ్లాసు బియ్యపు రవ్వకు రెండు గ్లాసుల నీళ్లు, నానిన శనగపప్పు గుప్పెడు, ఉప్పు, చెంచాడు నెయ్యి. నీళ్లు తెర్లాక రవ్వ పోసి, సన్నసెగ మీద నీరంతా ఇంకేదాకా మూతపెట్టి మగ్గనిచ్చి, దించి పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. వేడి చెయ్యి పట్టేంత తగ్గగానే తడిచేత్తో గట్టిగా నొక్కి ఉండలు చేయండి. పూర్తిగా చల్లారితే రవ్వ ఒకదానికొకటి అంటదు. తర్వాత 12 నిమిషాల ఆవిరి చాలు.

ఆవిరి కుడుముకు మినప్పిండి ఒక్కటే గనక చాలా చిక్కగా ఉంటుంది, వేడి లోపలికి నెమ్మదిగా పోతుంది. బుట్టలో తడిగుడ్డ అంచుదాకా పరిస్తే కన్నాలు మొత్తం మూసుకుపోతాయి. బుట్ట కంటే నాలుగు వేళ్లు చిన్నగా ఉండే గిన్నె మీద గుడ్డ బిగించి కట్టి, మధ్యలో పిండి వేసి, గిన్నె చుట్టూ ఆవిరి లేచేలా పెట్టండి. గిన్నెకు అడుగు లేకపోతేనే ఆవిరి గుడ్డకు కింద తగులుతుంది, కాబట్టి అడుగు తీసిన స్టీలు డబ్బా గానీ కేకు రింగు గానీ వాడండి. పిండి మందం అంగుళం దాటకూడదు. 22 నుంచి 25 నిమిషాలు.

ప్రశ్న: ప్లాస్టిక్ బుట్టల్లో ఆవిరి వంట ఆరోగ్యానికి మంచిదేనా? (ఒంగోలు)

జవాబు: బుట్ట అడుగున త్రికోణంలో 5 అంకె గానీ, పీపీ అక్షరాలు గానీ ఉంటే అది పాలీప్రొపిలీన్. 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 100 డిగ్రీల ఆవిరిని తట్టుకుంటుంది. గాజులా మెరిసే పారదర్శక బుట్టల మీద 7 గానీ, పీసీ గానీ ఉంటే అది పాలీకార్బొనేట్ కావచ్చు. దాని తయారీలో బిస్ఫినాల్ ఏ వాడతారు కాబట్టి వేడి పదార్థానికి అది తగలకుండా చూసుకోవడం మంచిది. ఏ బుట్టయినా మసకబారి సన్నటి పగుళ్లు కనిపిస్తే మార్చేయండి. ఉన్న స్టీమరుతోనే సర్దుకోవాలంటే పదార్థాన్ని స్టీలు చిల్లుల పళ్లెంలోనో అరటాకులోనో పెట్టి బుట్టలో ఉంచండి.

ప్రశ్న: అన్నం గిన్నెలో అన్నం అడుగున ముద్ద, పైన పలుకు. (పొదిలి)

జవాబు: గిన్నెలో పోసే నీళ్లు చన్నీళ్లయి ఉంటాయి. పాత బియ్యం గ్లాసుకు గ్లాసున్నర మరిగే నీళ్లు పోయండి, కొత్త బియ్యమైతే గ్లాసుంపావు. బియ్యం ముందు అరగంట నానాలి. గిన్నెలో మందం రెండంగుళాలు దాటకుండా, పైన పళ్లెం బోర్లించకుండా, 30 నిమిషాలు. నెల్లూరు మొలకొలుకులు లాంటి సన్న బియ్యానికి 25 నిమిషాల దగ్గరే ఒక మెతుకు నొక్కి చూడండి. నలుగురికి మించి అన్నం కావాలంటే కుక్కరే మేలు.

ప్రశ్న: వానాకాలం అంతా అటక మీద ఉంచిన స్టీమర్ ప్లగ్ పెట్టగానే ఇంటి మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పడిపోతోంది. పక్కింట్లో పెడితే పనిచేస్తోంది. వాడుకోవచ్చా? (నెల్లూరు)

జవాబు: వాడకండి. పక్కింట్లో ఆర్‌సీసీబీ లేకపోవచ్చు, లేదా ఆ సాకెట్టుకు ఎర్తు లేకపోవచ్చు. పనిచేయడం వేరు, క్షేమంగా ఉండడం వేరు. హీటరు గొట్టంలో తీగ చుట్టూ ఉండే తెల్లటి పొడి మెగ్నీషియం ఆక్సైడ్. తీరప్రాంతపు తేమను అది కొసల దగ్గరనుంచి పీల్చుకుంటుంది. అప్పుడు తీగనుంచి పైతొడుగుకు కొద్దిగా కరెంటు కారుతుంది. ఇళ్లలో ఉండే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ల లోపే దాన్ని పట్టేస్తుంది. తొట్టిలోని నీళ్లు ఆ తొడుగునే తాకుతుంటాయని మరచిపోకండి.

ప్లగ్ తీసి, తొట్టి ఖాళీచేసి, అడుగు భాగాన్ని రెండు మూడు రోజులు గాలి ఆడే వెచ్చటి చోట ఆరనివ్వండి. తర్వాత మెకానిక్ చేత ప్లగ్ పిన్నులకూ ఎర్తుకూ మధ్య మెగ్గరుతో (కరెంటు కారకుండా ఆపే నిరోధాన్ని కొలిచే మీటరుతో) పరీక్ష చేయించండి. తేమ పోతే రీడింగు పెరుగుతుంది. పెరగకపోతే హీటరు తొడుగు చిల్లు పడినట్టే, మార్చాలి. అదే సమయంలో హీటరు కొసల మధ్య నిరోధం కూడా చూపించుకోండి. 900 వాట్ల హీటరుకు 59 ఓములకు దగ్గర్లో రావాలి. అసలేమీ చూపకపోతే తీగ తెగింది.

ఎప్పుడైనా నీళ్లు పూర్తిగా ఇంకి స్టీమర్ చల్లబడినా మళ్లీ వెలగకపోతే వేడి మించితే తెగిపోయే లోపలి థర్మల్ ఫ్యూజు పోయి ఉంటుంది. అది ఒకసారి పోతే తిరిగి కలవదు. కొన్ని చోట్ల దాన్ని తీసేసి వైరు నేరుగా కలిపి ఇస్తారు. అలా చేసిన స్టీమరులో మళ్లీ నీళ్లు ఇంకితే ఆపేదేదీ ఉండదు, ప్లాస్టిక్ అంటుకుంటుంది. పాతదాని మీద రాసిన డిగ్రీలు, ఆంపియర్లు చూసి సరిగ్గా అదే వేయించండి. ప్లగ్ 16 ఆంపియర్ల సాకెట్టులో ఉంటే మేలు. నాలుగు ఆంపియర్లే లాగుతుంది కాబట్టి 6 ఆంపియర్ల సాకెట్టు కూడా మోస్తుంది, కానీ వదులుగా ఉన్న సాకెట్టులో పిన్నులు కాలి నల్లబడతాయి. పది నిమిషాలు నడిచాక ప్లగ్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చెయ్యి తీసేయాలనిపిస్తే ఆ సాకెట్టు మార్పించండి.